స్టార్టర్ మీద ఎర్రగుడ్డ

నాకు పదేళ్లున్నప్పుడు మిర్యాలగూడలో ఒక మిల్లు మొత్తం ఒక హంతకుడి పేరు కోసం పదమూడు వారాలు ఎదురుచూసింది. చివరికి ఆ పేరు ఎవరికీ వినపడకుండా పోయింది. అందుకు ఒక మనిషి పని పోయింది, మాట పోయింది, ఊరే పోయింది. తప్పు ఆయనది కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసి కూడా నలభై ఏళ్లకు పైగా నోరు మెదపలేదు. ఈ ఏడాది మెదిపాను.

ఆ మిల్లు మా నాన్నది. సాగర్ కాలువ కింద పండిన వడ్లు బస్తాలకు బస్తాలు వచ్చి పడేవి. రేకుల షెడ్డు, ఒక పెద్ద మోటారు, దాని నుంచి పొడుగాటి బెల్టు, గోడకు ఇనుప పిడి ఉన్న స్టార్టర్. మోటారు తిరిగితే పక్క మనిషి అరిచినా వినపడదు. రేడియో సంగతి చెప్పనే అక్కర్లేదు, గరగర తప్ప ఇంకేమీ రాదు. మిల్లు అరగంట ఆగితేనే ముఖం మాడ్చుకునే మా నాన్న, బుధవారం సాయంత్రం మాత్రం తానే లేచి మోటారు ఆపేవాడు. ఆయనకు రేడియోలో వచ్చే అపరాధ పరిశోధన నాటకాలంటే అంత పిచ్చి. రేడియోను తన గది కిటికీలో షెడ్డు వైపు తిప్పి పెట్టేవాడు. హమాలీలు బస్తాల మీద, నూకలు చెరిగే ఆడవాళ్లు నేల మీద కూర్చునేవాళ్లు. బెల్టు పక్కన చల్లగా ఉంటుందని ఒకామె ఎప్పుడూ అక్కడే చేరేది.

మోటారు ఆపగానే నాన్న చేసే మొదటి పని స్టార్టర్ పిడికి ఎర్రగుడ్డ కట్టడం. ఇది రేడియో కోసం పుట్టిన పద్ధతి కాదు. బెల్టు సరిచేస్తున్నా, లోపల ఎవరైనా చెయ్యి పెట్టినా పిడికి ఎర్రగుడ్డ కడతారు. అది ఉన్నంతసేపు మోటారు వెయ్యకూడదు. కట్టినవాడే విప్పాలి, ఇంకెవరూ ముట్టకూడదు. మిర్యాలగూడ మిల్లుల్లో చేతులు పోగొట్టుకున్న మనుషులు ఉన్నారు కాబట్టి ఈ నియమాన్ని అందరూ దేవుడి మాటలా పాటించేవాళ్లు. నాన్న దాన్ని నాటకానికి కూడా వాడుకున్నాడు. రెండు ముళ్లు వేసి, వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని "ఇగ ఎవడన్న చప్పుడు చేసిండంటే సూడు" అనేవాడు.

ఆ నాటకంలో కొండ మీది బంగళాలో ఒక డాక్టరు చచ్చిపోతాడు. ఇంట్లో నలుగురి మీద అనుమానం. వంటవాడు కుంటేవాడు, ఆయన కర్ర చప్పుడు వినపడితే చాలు నా ఒళ్లు జలదరించేది. ఒక వకీలు, ఒక కాంపౌండరు, చనిపోయినాయన తమ్ముడు. పరిశోధకుడు మాత్రం భలేవాడు. ఎక్కడ ఏ ఆధారం కనబడినా చేత్తో ముట్టడు, చేతిరుమాలుతో పట్టి భద్రం చేస్తాడు. హమాలీల్లో సగం మంది వంటవాడే అనేవాళ్లు, సగం మంది వకీలే అనేవాళ్లు. ఓడిన పక్షం గెలిచిన పక్షానికి చాయ్ తాగించాలని పందెం. నేనైతే పరిశోధకుడినే అయిపోయాను. ఖాళీ బిస్కెట్ డబ్బాలో గుండీలు, విరిగిన గాజుముక్కలు, ఎవరివో పిన్నులు దాచుకుని, మా అన్నను "నిన్న సాయంత్రం ఎక్కడున్నవ్?" అని విసిగించేదాన్ని. ఆయన నాకంటే ఐదేళ్లు పెద్ద, ఒక మొట్టికాయ వేసి పంపేవాడు.

మిల్లులో మోటారు చూసే మనిషిని డ్రైవర్ అంటారు. మా డ్రైవర్‌కు అప్పుడు ముప్ఫై ఏళ్లు దాటి ఉంటాయి. నేను కాకా అని పిలిచేదాన్ని. మోటారు చప్పుడు విని ఏ బేరింగు అరుగుతున్నదో చెప్పగలడు. నాటకాల మీద ఆయనకు పెద్ద సరదా లేదు. అందరూ వింటుంటే ఆయన బేరింగులకు గ్రీజు పెట్టి, బయట తొట్టి దగ్గర చేతులు కడుక్కునేవాడు.

పదమూడో బుధవారం వచ్చింది. పరిశోధకుడు అందరినీ హాల్లోకి పిలిపించాడు. నేను అందరికీ వెనక, స్టార్టర్ కింద కూర్చున్నాను. అప్పుడు గోడ మూలలో కాలిన బీడీ ముక్క కనిపించింది. మిల్లులో బీడీ తాగడం నాన్న ఎన్నడూ ఒప్పుకోడు, ఊక అంటుకుంటే అంతా బూడిదే. నిజమైన నేరం, నిజమైన ఆధారం! చేత్తో ముట్టకూడదు కదా. చేతిరుమాలు లేదు. తలెత్తితే ఎర్రగుడ్డ ఉంది. నాటకం అయిపోయేలోపు మళ్లీ కట్టేస్తే ఎవరికి తెలుస్తుందనుకున్నాను. ముళ్లు విప్పి, గుడ్డతో బీడీ ముక్కను పట్టుకుని, డబ్బా దాచిన ఊక కుప్ప వెనక్కి పరిగెత్తాను.

రేడియోలో సంగీతం పెరిగింది. ఊపిరి బిగబట్టించే సంగీతం అది. తొట్టి దగ్గరున్న కాకాకు మాత్రం నాటకం ముగిసిన సంగీతంలా వినిపించింది. తల తిప్పి వాకిలి గుండా స్టార్టర్ వైపు చూశాడు. గుడ్డ లేదు. సేటు, అంటే నాన్న, విప్పేశాడనుకుని వచ్చి పిడి లాగాడు. "ఈ డాక్టరును చంపింది..." అని పరిశోధకుడు అంటుండగా మోటారు గుర్రుమన్నది.

హమాలీలు అరిచిన అరుపు మోటారు చప్పుడును మించింది. అది నాటకం కోసం కాదు. బెల్టు పక్కన కూర్చున్నామె కొంగు బెల్టులో పడింది. కాకా వెంటనే ఆపేశాడు. కొంగు చిరిగి ముక్క బెల్టుతో పోయింది, ఆమె మాత్రం దక్కింది. అందరూ ఆమె చుట్టూ మూగారు. నేను ఆ సందులో వెళ్లి గుడ్డను పిడికి కట్టేశాను. తొందరలో ఒక్క ముడే పడింది.

నాన్న రొప్పుతూ వచ్చాడు. "గుడ్డ ఉండంగ మోటార్ ఎట్ల ఏసినవ్ రా?"

"గుడ్డ లేదు సేటూ. నా పిల్లల మీద ఒట్టు."

"మరి అదేంది?"

కాకా స్టార్టర్ వైపు చూశాడు. గుడ్డ ఉంది. ఆయన ముఖం నాకు ఇప్పటికీ మరపు రాదు. కోపం లేదు, భయం లేదు. తన కళ్లను తాను నమ్మలేని మనిషి ముఖం అది. ఇంకొక్క మాట అనలేదు. లోకంలో వచ్చిన అపరాధ నాటకాలన్నీ విన్న మా నాన్న గుడ్డను చూశాడు కానీ ముడి చూడలేదు. తాను వేసేది రెండు ముళ్లని ఆయనకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

కాకాను మర్నాడే తీసేశారు. నాన్నను నేను తప్పు పట్టను. ఒక ఆడమనిషి ప్రాణం మీదికి వచ్చింది. కానీ మిల్లుల ఊళ్లో మాట ఒక మిల్లులో ఆగదు. ఎర్రగుడ్డ ఉన్నా మోటారు వేశాడు, పైగా అబద్ధమాడాడు అన్న పేరు పడిన మనిషికి ఇంకే మిల్లూ మోటారు అప్పగించలేదు. నెల తిరగకుండా భార్యాపిల్లలతో కోదాడకు వెళ్లిపోయాడని విన్నాను. అది విన్న రాత్రి నేను అన్నం తినలేదు. అమ్మ జ్వరమేమోనని నుదురు చూసింది. చెప్పెయ్యాలనే అనుకున్నాను, నాన్న చేతి దెబ్బ గుర్తొచ్చి ఊరుకున్నాను. తర్వాత పెద్దదాన్నయ్యాను, దెబ్బల భయం పోయింది. సిగ్గు దాని చోట కూర్చుంది.

పెళ్లయి సూర్యాపేట వచ్చాను. మా ఆయనా నేనూ పుస్తకాల దుకాణం నడుపుతాం. బడులు తెరిచే రోజుల్లో మా దుకాణంలో నా గొంతు బజారు చివరిదాకా వినపడుతుందని అందరూ ఆటపట్టిస్తారు. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఆ గొంతు లేవలేదు.

ఈ ఎండాకాలం మిర్యాలగూడ నుంచి మా అన్న ఫోన్ చేశాడు. ఇప్పుడు మిల్లు ఆయనే చూస్తున్నాడు. "పాత షెడ్డు తీసేస్తున్న చెల్లే. కొత్త మిషన్ వస్తున్నది. నాయిన గుర్తుగ ఏమన్న తీసుకపోతవా?"

"స్టార్టర్ ఉన్నదా?"

"ఉన్నది, గోడకే ఉన్నది. తుప్పు పట్టింది. అదేం చేసుకుంటవ్?"

ఏం చేసుకుంటానో చెప్పలేదు. షెడ్డును ఎప్పుడు తీస్తారని అడిగాను. ఇరవై రోజులన్నాడు. ఫోన్ పెట్టేసి, ఇరవై రోజుల్లో ఈ సంగతి తేల్చకపోతే ఇంకెప్పుడూ తేల్చలేనని అనుకున్నాను.

తేల్చడానికి నేను ఎంచుకున్న దారి చూడండి. ముందు ఆ నాటకంలో హంతకుడెవరో కనుక్కోవాలని బయలుదేరాను. రేడియోలో పనిచేసి రిటైరైన ఒకాయన నంబరు పట్టుకుని అడిగితే, అంత పాతవి ఎక్కడుంటాయమ్మా అన్నాడు. దుకాణానికి వచ్చే పెద్దవాళ్లనందరినీ అడిగాను. ఒక రిటైర్డు హిందీ సారు వకీలేనని బల్ల గుద్ది చెప్పాడు. ఆత్మకూర్ నుంచి మనవరాలికి నోటుబుక్కులు కొనడానికి వచ్చిన రైతు, "వకీలెట్లయితడు, వంటాయినే. నా చెవులతోని ఇన్న" అన్నాడు. ఇద్దరూ మా దుకాణం ముందే గట్టిగా పోట్లాడుకున్నారు. అనంతగిరిలో ఉన్న మా ఆడబిడ్డ ఫోన్లో అసలు డాక్టరు చావనే లేదని చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

అన్న ఫోన్ చేసిన రాత్రే మా ఆయనకు మొదటిసారి అంతా చెప్పాను. ఆయన పది రోజులు చూసి, ఒక పొద్దున చాయ్ ఇస్తూ అడిగాడు. "ఆ పేరు దొరికితే ఏం చేస్తవ్?"

"కోదాడ పోయి కాకాకు చెప్త."

"ఏమని? నీ పని పోతే పోయింది గని, డాక్టర్‌ను చంపింది ఫలానాయన అనా?"

ఏదో ఒకటి చేతిలో పట్టుకుని వెళ్లాలి, వట్టి చేతులతో వెళ్లి నేనే అని చెప్పలేను. అందుకే పది రోజులుగా కనిపించని హంతకుడి వెంట పడ్డాను. కనిపించే దోషి అద్దంలోనే ఉంది. ఆ మర్నాడే కోదాడ బస్సెక్కాను.

కాకా ఇల్లు దొరకడం కష్టం కాలేదు. మిర్యాలగూడ మిల్లులో డ్రైవర్‌గా చేసిన ముసలాయన అంటే ఇద్దరు ముగ్గురు ఆయన పిండిగిర్ని అడ్రసు చెప్పారు. చిన్న గది, ఒక పిండిగిర్ని, బయట బెంచీ. ఎవరో ఆవిడ జొన్నలు పోసి ఎదురుచూస్తోంది. నేను గుమ్మంలో ఆగి చూశాను. ఆయన బాగా వంగిపోయాడు. స్విచ్చు పక్కన మేకుకు ఎర్రగుడ్డ ఒకటి వేలాడుతోంది. మిషన్ వేసే ముందు స్విచ్చు వైపు చూశాడు. చూసి ఊరుకోలేదు. అరచేత్తో స్విచ్చంతా తడిమాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. అప్పుడు నొక్కాడు.

కళ్లతో చూసింది చాలక చేత్తో తడుముకునే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ లోకంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆవిడ పిండి తీసుకుని వెళ్లాక ఆయన నా వైపు తిరిగాడు. "ఏం పట్టించాలమ్మా?"

"కాకా, నేను మిర్యాలగూడ సేటు బిడ్డను."

కాసేపు చూశాడు. గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఆగితే మళ్లీ చెప్పలేనని నిలబడే చెప్పేశాను. బీడీ ముక్క, గుడ్డ, ఊక కుప్ప, మళ్లీ కట్టిన ముడి, అన్నీ. ఎక్కడా ఏడవకూడదని పళ్లు బిగించాను. ఏడిస్తే ఆయనే నన్ను ఓదార్చాల్సి వస్తుంది, అది ఇంకో అన్యాయం.

ఆయన బెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు. "అంటే... గుడ్డ లేదా? నేను సూసింది నిజమేనా?"

"నిజమే కాకా. లేదు. నా చేతిల ఉండె."

"నా కండ్లే మోసం చేసినయి అనుకున్న." తన అరచేతిని చూసుకున్నాడు. అప్పుడు కోపం వచ్చింది. "ఇన్నేండ్లు ఏం చేసినవమ్మా? సేటు బతికున్నప్పుడన్న చెప్పకపోతివి? నా పెండ్లాం పోయేదాక అడిగింది నన్ను, నిజం చెప్పయ్యా, గుడ్డ సూసుకోలేదా అని. ఏమో, ఉన్నదేమో అనేటోన్ని. ఆమెకు ఏమని చెప్తవ్ ఇప్పుడు?"

"నాది తప్పు కాకా" అన్నాను. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. పొమ్మంటే పోతాను, రేపు మళ్లీ వస్తాను, ఎల్లుండి కూడా వస్తాను. పదేళ్ల వయసులో పారిపోయినదాన్ని ఇప్పుడు మాత్రం కదలదలచుకోలేదు. గిరాకీలు వస్తే ఉండమని నేనే చెప్పాను. గంట దాటాక ఆయన ఉతికిన చొక్కా వేసుకుని బయటికి వచ్చాడు.

"నాకు చెప్తే నాకు తెలుస్తది. నన్ను అబద్ధాలోడు అన్న కాడ చెప్తవా?"

"చెప్త."

"పా మరి."

హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వెళ్లాం. నేను ముందే అన్నకు ఫోన్ చేశాను. సంగతంతా విని ఆయన గొంతు పెంచాడు. "నాయిన లేడు. ఆయన చేసింది తప్పని నలుగుట్ల చెప్తవా? నీకేమన్న పిచ్చి లేసిందా?"

"నాయిన తప్పు కాదు, నా తప్పని చెప్త. నువ్వు మిల్లు ఆపు. ఆపకపోతే మోటార్ల మధ్యల నిలబడి ఒర్లుతా, నా గొంతు సంగతి నీకు ఎరికే గద."

బస్సులో కాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేరేడుచర్ల దాటాక ఒక్కసారి తిరిగాడు. "ఎన్ని ముళ్లేసినవ్?"

"ఒకటే."

"సేటు రెండేస్తడు." తలాడించాడు. "నేనూ సూడలే."

మిల్లు ఇప్పుడు పదింతలు పెరిగింది. ఎత్తైన మిషన్లు, గోడ నిండా బటన్లు, లైట్లు. మా అన్న వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. కాకాను చూసి ఏమనాలో తోచక "మంచిగున్నవా?" అన్నాడు. కాకా పాత షెడ్డు వైపు చూస్తున్నాడు. ఆనాడు కొంగు పోగొట్టుకున్నామె మిల్లు వెనకే ఉంటుంది, ఆమెను నేనే పిలుచుకు వచ్చాను. పనివాళ్లు ముప్ఫై మంది దాకా ఉన్నారు. వాళ్లలో చాలామంది ఆ రోజుకు పుట్టనే లేదు. అన్న నా ముఖం చూశాడు. నేను వెనక్కి తగ్గనని ఆయనకు అర్థమైంది. చెయ్యి ఎత్తి సైగ చేశాడు. మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి.

ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. చిన్నప్పుడు ప్రతి బుధవారం విన్నాను. పాత షెడ్డులో, తుప్పు పట్టిన స్టార్టర్ కింద నిలబడి నేను గట్టిగానే చెప్పాను. "ఆనాడు పిడికి గుడ్డ లేదు. గుడ్డ తీసింది నేను. మళ్ల కట్టింది నేను. ఈయన అబద్ధమాడలేదు. అబద్ధమాడింది నేను."

మా అన్న తల దించుకున్నాడు. ఆయన వచ్చి కాకా రెండు చేతులూ పట్టుకుని, "నేను కూడ ఆనాడు నిన్ను తిట్టిన కాకా" అన్నాడు. ఆ పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో, నీకు ఎన్ని శాపనార్థాలు పెడితినయ్యా" అన్నది. తర్వాత నా వైపు తిరిగి నన్ను కూడా రెండు మాటలు అన్నది. అవి నాకు రావాల్సినవే.

కాకా ఇవేవీ విననట్టే ఉన్నాడు. "ఎర్రగుడ్డ ఒకటి ఇయ్యి" అన్నాడు. ఎవరో తెచ్చి ఇచ్చారు. దాన్ని పాత స్టార్టర్ పిడికి కట్టాడు, రెండు ముళ్లు. కట్టి, మెల్లగా నడుచుకుంటూ వాకిలి దాటి తొట్టి ఉన్న చోటికి వెళ్లాడు. తొట్టి ఎప్పుడో తీసేశారు, అడుగున రాళ్లు మాత్రం ఉన్నాయి. సరిగ్గా ఆ రాళ్ల మీద నిలబడి, ఆనాటిలాగే తల తిప్పి వాకిలి గుండా స్టార్టర్ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"కనపడుతది" అన్నాడు. "ఇంత ముసలి కండ్లకు కూడ మంచిగ కనపడుతది. ఉంటే సూసేటోన్ని."

ఆయన లోపలికి వచ్చి స్టార్టర్ ఎదురుగా ఒక బస్తా మీద కూర్చున్నాడు. గుడ్డను తడమలేదు. ఊరికే చూస్తున్నాడు. బయట లారీ హారన్ కొడుతోంది, లోడు ఆగిపోయింది. ఒక పనివాడు బటన్ల దగ్గరికి వెళ్లి అన్న వైపు చూశాడు. ఆ తుప్పు స్టార్టర్‌కూ ఇప్పటి మిషన్లకూ ఏ సంబంధమూ లేదు. అయినా అన్న వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. కట్టినవాడే విప్పాలి. అందరం నిలబడే ఉన్నాం, ఆయనకు విప్పబుద్ధి అయ్యేదాకా.